లార్జాక్ బాటల మీద నాలుగు రోజులు

(జిల్లా సంఘం శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన మే నెలాఖరులో మన సంఘం నుంచి మేం ముగ్గురం ఫ్రాన్స్ వెళ్ళొచ్చాం. అక్కడి రైతులు పిలిస్తే వెళ్ళాం. టికెట్లు, తిండి, బస అన్నీ వాళ్ళే చూసుకున్నారు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి మీలో చాలామంది అడుగుతూనే ఉన్నారు. అక్కడ పాల ధర ఎట్లా ఉంది, సబ్సిడీ ఎట్లా ఇస్తారు, ట్రాక్టర్లు ఎంత పెద్దవి అని. ఆ సంగతులు ఇంకోసారి చెప్పుకుందాం. మా యాత్రలో సభలు జరిగింది రెండు రోజులే. మిగతా నాలుగు రోజులూ మేం నడిచాం. అడవుల్లో, గొర్రెల బీళ్ళలో, చేల పక్కన, రోజుకు పదిహేను కిలోమీటర్లకు తక్కువ లేకుండా నడిచాం.

ఈ మాట వినగానే మా ఊళ్ళో ఒక పెద్దాయన నవ్వాడు. "విమానమెక్కి అంత దూరం పోయి నడిచొచ్చారా? ఆ నడిచేదేదో మన ఊరి డొంకల్లో నడవలేకపోయారా?" అన్నాడు. ఆయన ఎగతాళికే అన్నాడు. కాని మేం ఈ రోజు మీ ముందు పెట్టదలచింది సరిగ్గా ఆ మాటే.

ముందు మా ఊరి డొంక సంగతి చెప్పాలి. ఊరికి పడమటి పక్క చెరువు కట్ట నుంచి మెట్ట పొలాల దాకా ఒక డొంక ఉండేది. రెండు బండ్లు ఎదురైనా తప్పుకునేంత వెడల్పు. గ్రామ నక్షాలో ఉంది. మా చిన్నప్పుడు పశువులు, బండ్లు, కలుపుకు పోయే ఆడవాళ్ళు, అందరూ ఆ దారినే. తర్వాత ఎడ్లు పోయాయి, బండ్లు పోయాయి. తారు రోడ్డు వచ్చాక మోటారు సైకిళ్ళు చుట్టు తిరిగి పోవడం మొదలైంది. డొంకలో సర్కారు తుమ్మ మొలిచింది. ఒక చివర ఎవరో నాలుగు అడుగులు కలుపుకున్నారు. ఇంకో చివర ఇంకెవరో గడ్డివామి వేశారు. మేం చూశాం, ఊరుకున్నాం. మేమే సంఘం నాయకులం, మేమే ఊరుకున్నాం. చివరికి ప్లాట్లు వేసేవాళ్ళు వచ్చి ఆ వైపు పొలాలు కొని డొంకతో సహా కంచె వేశారు. కంచె వెనక చిక్కిన పదకొండు మంది రైతులకు పొలానికి పోయే దారి లేదు. కోత మిషను పోదు, ట్రాక్టరు పోదు. ఏడుగురు అడిగిన ధరకు అమ్ముకున్నారు. దారి లేని పొలానికి ఎవరిస్తారు ధర? మిగిలిన నలుగురు ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఈ సంగతి మనసులో పెట్టుకునే మేం అక్కడ నడిచాం. అందుకే మాకు కొండల అందం కన్నా బాటలే ఎక్కువ కనబడ్డాయి.

మేం నడిచిన చోటు పేరు లార్జాక్. ఫ్రాన్సుకు దక్షిణాన ఉన్న పీఠభూమి. సున్నపురాయి నేల. వాన పడితే నీళ్ళు నిలవవు, రాతి పగుళ్ళలోకి ఇంకిపోతాయి. పైన చెరువుల్లేవు, ఏళ్ళు లేవు. మన పల్నాడు రైతుకు చూడగానే తెలిసిపోయే నేల. అక్కడక్కడా గిన్నెల్లాంటి పల్లాలుంటాయి, వాటిలో మాత్రం ఎర్రమట్టి చేరి పంట పండుతుంది. మిగతాదంతా గడ్డి, రాళ్ళు, పొదలు, దేవదారు జాతి చెట్ల అడవి. గొర్రెలు నీళ్ళు తాగడానికి వెనకటివాళ్ళు రాతి పలకలు పరిచి గుండ్రటి కుంటలు కట్టుకున్నారు. ఇప్పటికీ వాడుతున్నారు. ఆ గొర్రెల పాలతోనే రోక్‌ఫోర్ అనే జున్ను చేస్తారు. దగ్గర్లో ఉన్న రోక్‌ఫోర్ ఊళ్ళోని కొండ గుహల్లో మాగబెట్టినదానికే ఆ పేరు పెట్టాలని 1925లోనే చట్టం చేశారు.

నడక మియో అనే పట్నం నుంచి మొదలైంది. తార్న్ నది ఒడ్డున ఉంది. ఊరి పక్కనే లోయకు అడ్డంగా ఒక వంతెన, 2004లో ప్రారంభించారు, 343 మీటర్ల ఎత్తు. టోల్ కట్టి దాని మీద కార్లు దూసుకుపోతుంటాయి. మాకు దుబాసీగా వచ్చిన తెలుగమ్మాయి మాంపెలియేలో వ్యవసాయ విద్య చదువుతోంది. "బాబాయ్ గారూ, ఆ పైదారికి డబ్బు కట్టాలి, మనం నడిచే దారికి అక్కర్లేదు, ఇది ఊరిది" అంది. "ఊరిది" అన్న ఆ మాట ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు విన్నామో!

బాట ఎటు పోతుందో చెప్పడానికి మనిషి అక్కర్లేదు. చెట్టు మీద, బండ మీద, గోడ మూల మీద అరచేతి పొడుగు రెండు పట్టీలుంటాయి. పైన తెలుపు, కింద ఎరుపు. అది కనబడితే దారి సరైనదే. అదే రెండు రంగులతో గుణకారం గుర్తు ఉంటే దారి తప్పామని అర్థం, వెనక్కి తిరగాలి. ఈ దూరపు బాటలను అక్కడ జీఆర్ అంటారు. మొదటి బాటకు 1947లో గుర్తులు వేశారు. దేశం యుద్ధంలో చితికిపోయి ఉన్న రోజుల్లో మొదలుపెట్టిన పని అది. చిన్నా పెద్దా కలిపి ఇప్పుడు గుర్తులు వేసిన బాటలు సుమారు 1,80,000 కిలోమీటర్లు. ఆ రంగులు వేసేది జీతగాళ్ళు కాదు. నడక సంఘాల సభ్యులే డబ్బా, కుంచె పట్టుకుని తమ వంతు బాటను చూసుకుంటారు. రంగు వెలిస్తే మళ్ళీ వేస్తారు, చెట్టు పడితే కోసి పక్కకు లాగుతారు.

మాకు దారి చూపింది ఒక రైతు దంపతులు. అరవై దాటినవాళ్ళు. మూడు వందలకు పైగా గొర్రెలున్నాయి. పొద్దున పాలు పితికి ఆయన ఇంటి దగ్గర ఉంటే ఆమె మాతో నడిచేది. మరునాడు ఆమె ఉంటే ఆయన వచ్చేవాడు. బాట ఒకచోట వాళ్ళ బీడు మధ్యగానే పోతుంది. కంచెకు చెక్క తలుపు ఉంది. ఆమె తలుపు తీసి మమ్మల్ని పోనిచ్చి, మళ్ళీ గొళ్ళెం పెట్టింది. "తలుపు ఎట్లా కనబడితే అట్లాగే వదలాలి, మూసి ఉంటే మూయాలి, తీసి ఉంటే తీసే ఉంచాలి. నడిచేవాళ్ళకు మేం చెప్పే నియమం ఇదొక్కటే" అంది. మా వెంట వచ్చిన మహిళా రైతు సంఘం అక్కయ్య వెంటనే అడిగింది: "మీ పొలంలోంచి ఊరివాళ్ళంతా పోతుంటే మీకు అభ్యంతరం లేదా?" ఆమె నవ్వి, "ఈ బాట నా పొలంలో లేదమ్మా. నా పొలమే ఈ బాటకు అటూ ఇటూ ఉంది" అంది.

ఆ మాట ఎందుకంత ధైర్యంగా అనగలిగిందో ఆ రాత్రి భోజనాల దగ్గర వివరంగా అడిగాం. అక్కడి చట్టం సంగతి మనం తెలుసుకోవాలి. ఊరి బాటలు అక్కడ గ్రామ పాలక మండలి ఆస్తి. ఆ బాట ప్రజల వాడకంలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. జనం దాని మీద నడుస్తున్నా, గ్రామ మండలి దాన్ని బాగు చేస్తూ వచ్చినా వాడకంలో ఉన్నట్టే చట్టం భావిస్తుంది. వాడకంలో ఉన్న బాటను అమ్మడానికి వీల్లేదు. వాడకం పోయిందని అమ్మాలన్నా ముందు బహిరంగ విచారణ జరపాలి. 1983 చట్టం తర్వాత ప్రతి జిల్లాకూ నడక బాటల జాబితా ఒకటి తయారు చేసుకునే ఏర్పాటు వచ్చింది. ఆ జాబితాలో ఎక్కిన ఊరి బాటను అమ్మితే బదులుగా ఇంకో బాట చూపాలి, లేకపోతే అమ్మకమే చెల్లదు.

అయితే ఇందులో ఒక బొక్క కూడా ఉంది. ఊరి బాటను ఎవరైనా ఆక్రమించుకుని 30 ఏళ్ళు తనదిగా అనుభవిస్తే, ఎవరూ అడ్డు చెప్పకపోతే, అది అతనిదైపోవచ్చు. అక్కడ ఎన్నో బాటలు అట్లాగే పోయాయి. అందుకే 2022లో చట్టం మార్చారు. గ్రామ మండలి తన బాటలన్నీ లెక్క రాయాలని తీర్మానం చేస్తే, ఆ లెక్క తేలేదాకా ఈ 30 ఏళ్ళ గడియారం ఆగుతుంది. ఇది వినగానే మా ముగ్గురికీ మా ఊరి డొంకే గుర్తొచ్చింది.

మన దగ్గర చట్టం ఇంతకన్నా వేరుగా ఏమీ లేదు. మన ఆంధ్ర ప్రాంతంలో అమల్లో ఉన్న 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం చూడండి. పక్కవాడి పట్టా పొలంలోంచి 20 ఏళ్ళు అడ్డు లేకుండా, హక్కుగా నడిస్తే దారి హక్కు వస్తుంది. అదే దారిని 20 ఏళ్ళు వరసగా వాడకపోతే ఆ హక్కు పోతుంది. ప్రభుత్వ భూమిని తిరిగి రాబట్టుకోవడానికి ప్రభుత్వం దావా వేసే గడువు కాలపరిమితి చట్టంలో 30 ఏళ్ళు. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించే పథకాలు తయారు చేయాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. చట్టం ఉంది, తీర్పు ఉంది. నడిచేవాళ్ళే లేరు.

రెండో రోజు పీఠభూమి అంచు నుంచి దుర్బీ నది లోయలోకి దిగాం. అంతా అడవి. చల్లగా ఉంది, పక్షులు కూస్తున్నాయి. మాలో ఒకాయన "ఎంత బాగా కాపాడుకున్నారండీ అడవిని!" అన్నాడు. రైతు ఆగి, చేతి కర్రతో ఆకులు పక్కకు తోశాడు. కింద రాతి గోడ. ఇంకాస్త కిందికి ఇంకో గోడ. కొండవాలు పొడుగునా మెట్లు మెట్లుగా కట్టిన గట్లు అవి. ఒకప్పుడు అక్కడ ద్రాక్ష, పండ్లచెట్లు, కూరగాయలు పండించారు. మట్టి జారిపోకుండా తరాల తరబడి రాళ్ళు మోసి కట్టారు. ఇంకొంచెం ముందుకు పోతే పైకప్పు కూలిన ఇల్లు, గోడ మధ్యనుంచి పైకి లేచిన చెట్టు. "మీరు అడవి అంటున్నది మా తాతల కాలంలో ఊరు" అన్నాడాయన.

అక్కడి నుంచి తూర్పుగా పోతే సెవెన్ కొండలు వస్తాయి. ఇంగ్లీషు ఏడు కాదు, ఆ కొండల పేరే అది. అక్కడా ఇదే కథట. చెస్ట్‌నట్ తోటలు, పట్టుపురుగుల పెంపకంతో బతికిన ఊళ్ళు. 1850ల్లో పట్టుపురుగులకు తెగులు వచ్చి ఆ బతుకు కుంగింది. జనం గనులకు, పట్నాలకు పోయారు. 1878లో స్టీవెన్‌సన్ అనే స్కాట్లాండు రచయిత ఒక గాడిదను తోలుకుని ఆ కొండల్లో నడిచి పుస్తకం రాశాడు. ఇప్పుడు ఆయన పేరు మీద ఉన్న బాటలో పట్నాల నుంచి జనం వచ్చి నడుస్తున్నారు. వాళ్ళకు గది, భోజనం ఇచ్చి కొన్ని రైతు కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. మంచిదే. కాని నడిచేవాళ్ళు మిగిలి, దున్నేవాళ్ళు పోతే ఆ బాట ఎవరి కోసం?

లెక్కలు కూడా చెబుతాం. 1970లో ఫ్రాన్సులో దాదాపు 16 లక్షల వ్యవసాయ కమతాలు ఉండేవి. 2010 నాటికి 4,90,000. 2020 నాటికి 3,90,000. అంటే చివరి పదేళ్ళలోనే లక్ష కమతాలు పోయాయి. మిగిలిన కమతం సగటున 69 హెక్టార్లు, అంటే 170 ఎకరాలు. ప్రపంచ యుద్ధం తర్వాత చిన్న ముక్కలన్నీ కలిపి పెద్ద మడులు చేశారు. యంత్రాలు తిరగడానికి అనువని చెట్ల కంచెలు పీకేశారు. 1950 నుంచి లెక్కిస్తే ఆ చెట్ల కంచెల్లో 70 శాతం పోయాయి. వాటి పక్కనుండే బాటలూ చాలాచోట్ల వాటితోనే పోయాయి. బాటలకు అంత గట్టి చట్టాలున్న దేశంలో కూడా రైతు పోయినచోట బాట పోయింది. ఇది మేం మర్చిపోకుండా రాసుకున్నాం.

మరి లార్జాక్‌లో ఎందుకు నిలిచింది? ఇది మన ఉద్యమానికి చాలా దగ్గర కథ.

లా కవలరీ అనే ఊరి పక్కన పాతకాలం నుంచి సైనిక శిబిరం ఉంది. 3,000 హెక్టార్లు. 1971 అక్టోబరులో రక్షణ మంత్రి మిషెల్ దెబ్రే దాన్ని 17,000 హెక్టార్లకు పెంచుతామని ప్రకటించాడు. ఎందుకంటే ఆ నేల బంజరట, అక్కడ ఉన్నది కొద్దిమంది గొర్రెల కాపరులట. ఈ మాట మనం ఎక్కడెక్కడ విన్నామో మీకు గుర్తు చేయక్కర్లేదు. భూసేకరణకు దిగే ప్రతి ప్రభుత్వమూ ముందు ఆ నేలకు "బంజరు" అనే పేరు పెడుతుంది.

అప్పుడు ఆ రైతులకు ఉద్యమాలేమీ తెలియవు. ఆదివారం చర్చికి పోయే మామూలు సంసారులు. వాళ్ళ దగ్గరికి 1972లో లాంజా దెల్ వాస్తో అనే ఆయన వచ్చి పదిహేను రోజులు నిరాహార దీక్ష చేశాడు. ఆయన ఇటలీలో పుట్టిన మనిషి. 1937లో వార్ధా వెళ్ళి గాంధీగారి దగ్గర ఉన్నాడు. గాంధీగారు ఆయనకు శాంతిదాస్ అని పేరు పెట్టారు. మన నేల మీద నేర్చుకున్న సత్యాగ్రహం అట్లా లార్జాక్ చేరింది. ఆ దీక్ష రోజుల్లోనే, 1972 మార్చి 28న, 103 మంది రైతులు "మా భూమి సైన్యానికి అమ్మం" అని సంతకాలు చేశారు.

ఆ తర్వాత పదేళ్ళు పోరాడారు. ఆ పదేళ్ళలో నడకలూ ఉన్నాయి. 1972 అక్టోబరులో అరవై గొర్రెలను తీసుకుపోయి పారిస్‌లో ఈఫిల్ టవరు కింద మేపారు. 1973 జనవరిలో 26 ట్రాక్టర్లతో పారిస్‌కు బయలుదేరారు. ఒర్లియాఁ దగ్గర పోలీసులు ఆపితే మిగతా దూరం కాలినడకన పోయారు. 1978 చలికాలం మొదట్లో లార్జాక్ నుంచి పారిస్ దాకా 700 కిలోమీటర్లకు పైగా నడిచారు. దారిలో ఊరూరా రైతులు అన్నం పెట్టారు, రాత్రికి చోటిచ్చారు. మన జాతాల్లో జరిగేది అదే కదా.

మూడో రోజు మేం లా బ్లాకియేర్ అనే చిన్న పల్లెకు నడిచిపోయాం. అక్కడ గొర్రెలకు కట్టిన పెద్ద రాతి కొట్టం ఉంది. సైన్యం తీసుకుంటానన్న చోట కొత్త కట్టడానికి అనుమతి లేదు. అనుమతి లేకుండానే 1973లో మొదలుపెట్టి 1976 దాకా కట్టారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం రాళ్ళు మోశారు. దేశమంతటా కొందరు తాము కట్టే పన్నులో 3 శాతం సైన్యానికి ఇవ్వమని ఆపి ఇక్కడికి పంపారు. మేం లోపలికి పోయి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూశాం. రాయి చల్లగా ఉంది. బయట గొర్రెల మెడగంటలు వినబడుతున్నాయి. మా అక్కయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మనం ధర్నాకు టెంటు వేస్తాం, సాయంత్రానికి పీకేస్తాం. వీళ్ళు గొర్రెలకు ఇల్లు కట్టారు" అంది.

ఇంకొక పని కూడా చేశారు. సైన్యం కొనదలచిన భూముల్లో కొన్నిటిని ఉద్యమమే కొని, వేలమందికి చిన్న చిన్న వాటాలుగా పంచింది. ఇక సేకరించాలంటే అంతమందితో తేల్చుకోవాలి. చివరికి 1981 మేలో మిట్టెరాండ్ అధ్యక్షుడిగా గెలిచాడు. జూన్ 3న శిబిరం విస్తరణ రద్దయింది.

గెలిచాక ఏం చేశారన్నది మనం ఇంకా జాగ్రత్తగా వినాలి. ప్రభుత్వం అప్పటికే కొనేసిన భూమి సుమారు 6,300 హెక్టార్లు ఉంది. దాన్ని తలా ఒక ముక్క పంచుకుని పట్టాలు తీసుకోవచ్చు. అట్లా చేయలేదు. రైతులు, అక్కడ నివసించేవాళ్ళు కలిసి ఒక సొసైటీ పెట్టుకుని 1985లో ప్రభుత్వం నుంచి మొత్తం భూమిని 60 ఏళ్ళ కౌలుకు తీసుకున్నారు. 2013లో ఆ గడువును 2083 దాకా పెంచారు. సొసైటీ ఆ భూమిని సాగు చేసేవాళ్ళకు ఇస్తుంది. పని చేసినంత కాలం భూమి, ఇల్లు వాళ్ళవే. పని మానేసిన రోజున తిరిగి సొసైటీకే వస్తుంది, ఇంకో యువ రైతుకు పోతుంది. అమ్ముకోవడం లేదు, రియల్ ఎస్టేట్ లేదు. "దున్నేవాడికే భూమి" అని మనం గోడల మీద రాసుకున్నది వాళ్ళు కాగితం మీద రాసి సంతకాలు పెట్టించుకున్నారు.

సొసైటీ బయట కూడా కౌలు రైతుకు చట్టం ఉంది. 1945-46 నుంచే కౌలు తొమ్మిదేళ్ళకు తక్కువ ఉండకూడదు. గడువు తీరాక మళ్ళీ పొడిగించుకునే హక్కు ఉంది. యజమాని భూమి అమ్మితే ముందు కౌలుదారునే అడగాలి. మన రాష్ట్రంలో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు పత్రం పదకొండు నెలలకు. దానికీ యజమాని సంతకం కావాలి. తేడా మీరే చూడండి.

అక్కడ అంతా స్వర్గమని మేం చెప్పడం లేదు. పాత 3,000 హెక్టార్ల శిబిరం ఇప్పటికీ ఉంది. 2016 నుంచి విదేశీ దళం సైనికులు అక్కడ మకాం వేశారు. రైతుల మీద అప్పులున్నాయి, పాలు కొనే కంపెనీలతో ధర తగాదాలున్నాయి. 1992లో ఇటలీ సరిహద్దు దాటి ఫ్రాన్సులోకి తోడేళ్ళు మళ్ళీ వచ్చాయి. వాటి నుంచి మందలను కాపాడటానికి పెద్ద తెల్ల కుక్కలను పెంచుతున్నారు. ఆ కుక్కలకు నడిచేవాళ్ళంటే పడదు. మాకూ ఒకచోట ఎదురుపడింది. బాట పక్కన బోర్డు ఉంది: మందకు దూరంగా చుట్టి పోండి, పరుగెత్తకండి, కర్ర ఊపకండి. అట్లాగే చేశాం, కాని గుండె దడ తగ్గడానికి అర్ధగంట పట్టింది. పట్నం నుంచి వచ్చేవాళ్ళు కుక్క మొరిగిందని, పేడ వాసన వస్తోందని ఫిర్యాదులు చేస్తారట. రైతులు విసుక్కుంటారు. కాని ఎవరూ బాట మూసేద్దామనరు. ఎందుకని అడిగితే ఆయన చెప్పింది ఇది: "మా కష్టకాలంలో పట్నాల జనం ఈ బాటల మీదనే నడిచి మా దగ్గరికొచ్చారు. 1973 ఆగస్టులో వేలకు వేలు వచ్చారు. బాట మూసుకుంటే మళ్ళీ అవసరమైనప్పుడు వాళ్ళు ఎటు నుంచి రావాలి?"

అన్నట్టు, మన దేశపు రైతులూ ఆ నేలకు కొత్త కాదు. 1999లో కర్ణాటక రాజ్య రైతు సంఘం ముందుండగా మన దేశం నుంచి వందలమంది రైతులు యూరప్ అంతా యాత్ర చేశారు. ఆ జూన్‌లో మాంపెలియేలో జన్యుమార్పిడి వరి మొక్కలను పీకినప్పుడు ఫ్రెంచి రైతుల పక్కన మనవాళ్ళూ ఉన్నారు. రెండు నెలలకే, ఆగస్టు 12న, అమెరికా రోక్‌ఫోర్ జున్ను మీద వంద శాతం సుంకం వేసిందన్న కోపంతో రైతులు మియోలో కడుతున్న మెక్‌డొనాల్డ్స్ హోటలును విప్పేశారు. వాళ్ళలో ముందున్న జోసే బోవే 1976 నుంచి లార్జాక్‌లో గొర్రెలు పెంచుకుంటున్న మనిషి. దానికి జైలుకూ వెళ్ళాడు. బలమైన ఊళ్ళ నుంచే అట్లాంటి పోరాటాలు వస్తాయి.

నాలుగో రోజు సాయంత్రం వాళ్ళింటి గుమ్మం దగ్గర సెలవు తీసుకున్నాం. తలుపుకు ఎండిన పెద్ద ముళ్ళపువ్వు ఒకటి కొట్టి ఉంది. మన గుమ్మడికాయ లాగా దిష్టికనుకున్నాం. ఇంటికి మంచిదన్న నమ్మకమూ ఉందట. ఇంకో ఉపయోగమేమిటంటే గాలిలో తేమ పెరిగితే అది ముడుచుకుంటుంది, వాన సూచన. ఆమె ఆ పువ్వు చూపించి, "మీ ఊళ్ళో ఇట్లాంటి బాటలున్నాయా?" అని అడిగింది. ఉన్నాయని చెప్పాం. "వాటి మీద నడుస్తారా?" అంది. మా ముగ్గురిలో ఎవరూ జవాబు చెప్పలేదు. దుబాసీ పిల్ల మా మొహాలు చూసి తనే ఏదో చెప్పి సర్దేసింది.

ఆ జవాబు ఇప్పుడు మీ దగ్గర చెప్పాలి. మేం వచ్చాక మండల సర్వేయరు దగ్గర గ్రామ నక్షా నకలు తీసుకున్నాం. డొంకలు, పుంతలు, బండ్ల బాటలు, వాగు గట్లు అన్నీ ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నాం. ఒక ఆదివారం పొద్దున ఇరవై మందిమి నక్షా చేత పట్టుకుని నడిచాం. మూడు బాటలు ఇంకా తెరిచే ఉన్నాయి. రెండు సగం పోయాయి. పడమటి డొంక కంచె దగ్గర ఆగిపోయాం. అక్కడే నిలబడి ఫొటోలు తీశాం, తేదీ వేశాం, ఆ నలుగురు రైతుల సంతకాలతో అర్జీ రాశాం. పంచాయతీ తీర్మానం కోసం పెట్టాం. అది ఇంకా తేలలేదు. తేలుతుందో లేదో ఇప్పుడే చెప్పలేం. ఆలస్యం మాది, దాన్ని వేరేవాళ్ళ మీదికి నెట్టబోం.

కాని మిగిలిన మూడు బాటలు మాత్రం పోనివ్వం. నెలకొక ఆదివారం వాటి మీద నడుస్తున్నాం. తుమ్మ కొట్టేస్తున్నాం, గుంతలు పూడుస్తున్నాం. ఎవరెవరు నడిచారో పుస్తకంలో రాసుకుంటున్నాం. రేపు కోర్టులో అడిగితే వాడకంలో ఉందని చెప్పడానికి అదే సాక్ష్యం. పిల్లల్నీ తీసుకుపోతున్నాం. మొన్న ఒక పిల్లవాడు రాళ్ళ మీద సున్నంతో గుర్తులు పెట్టాడు. ఎందుకురా అంటే, "నువ్వే చెప్పావుగా తాతా, తెలుపు, ఎరుపు అని. ఎరుపు రంగు దొరకలేదు" అన్నాడు.

మీ ఊళ్ళకు వెళ్ళాక మీరు చేయవలసింది ఇంతే. రీసర్వే పేరుతో కొత్త పటాలు తయారవుతున్న రోజులివి. పాత నక్షాలో ఉన్న బాట కొత్త పటంలో ఉందో లేదో చూడండి. లేకపోతే గడువులోపల అభ్యంతరం రాసివ్వండి. తర్వాత ఆ బాట మీద కాలు పెట్టండి. కౌలు రైతుల్ని, కూలీల్ని, మందలు మేపుకునే గొల్ల సోదరుల్ని కలుపుకుని నడవండి. అందరికన్నా ఆ బాటల అవసరం వాళ్ళకే ఎక్కువ. వచ్చే నెల జిల్లా కమిటీకి వచ్చేటప్పుడు ఒక్కొక్క ఊరి నుంచి ఎన్ని బాటలున్నాయి, ఎన్ని మూశారు, ఎక్కడ మూశారు అని రాసుకుని తీసుకురండి. అక్కణ్ణుంచి పని మొదలుపెడదాం.

సెలవు.